దుబాసీ చేతిలో తుపాకి

(గుంటూరులో ఒక నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? ఆ ఫ్యాను చప్పుడులో నా గొంతు మీదాకా రాదు. ముందు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చేయండి.

పోయినేడు అమెరికాలో మా అబ్బాయి దగ్గర ఆర్నెల్లున్నాను. పెన్సిల్వేనియా రాష్ట్రంలో రెడింగ్ అనే ఊరి పక్కన. పగలంతా కొడుకూ కోడలూ ఆఫీసుకి, మనవడు స్కూలుకి. నేనూ టీవీ. అలాంటి చోట పక్కింటాయన పరిచయమయ్యాడు. ఎనభై దాటిన మనిషి. నేను హిస్టరీ పాఠాలు చెప్పి రిటైరయ్యానని మా కోడలు చెప్పిందట, మర్నాడే ఒక లావుపాటి ఫైలు చంకన పెట్టుకుని వచ్చాడు. వంశవృక్షం అండీ. మనం తద్దినం నాడు మూడు తరాల పేర్లు చెప్పమంటేనే తడుముకుంటాం కదా, ఆయన దగ్గర పది తరాలున్నాయి! అన్నిటికంటే పైనున్న పేరు చుట్టూ ఎర్ర సిరాతో గీత. ఆ పేరు పక్కన 'లెఫ్టినెంట్ కల్నల్' అని రాసి ఉంది. ఆ పేరు మీద వేలు పెట్టి, "ఈయన మా తాత" అన్నాడు. పది తరాల కిందటి మనిషిని అలా అన్నాడంటే నాకు ముచ్చటేసింది.

ఆ తాత పేరు కాన్రాడ్ వైజర్. జర్మనీ నుంచి పదమూడేళ్ళప్పుడు అమెరికా చేరిన పిల్లాడు. చివర్లో తుపాకి పట్టాడు, కల్నల్ అనిపించుకున్నాడు. కానీ ఆయన బతుకంతా చేసిన పని అది కాదు. ఆయన దుబాసీ. దుబాసీ అంటే ఇక్కడ పెద్దవాళ్ళకు చెప్పక్కర్లేదు. పిల్లలకోసం చెప్తాను. రెండు భాషలు తెలిసి, తెల్లదొరకీ ఊరివాళ్ళకీ మధ్య నిలబడి మాట దాటించేవాడు. మద్రాసులో కుంపిణీ దొరల దగ్గర మనవాళ్ళు ఎందరో ఆ పని చేశారు. ఆ మనిషి మాట చెల్లినంతకాలం తుపాకి అవసరం రాలేదు. మరి మాట ఎందుకు చెల్లకుండా పోయింది? అందులో ఆయన చెయ్యి ఎంత? నాకు ఆసక్తిగా అనిపించింది అదీ. పక్కింటాయనకు అంతగా నచ్చనిదీ అదే.

మొదట్నుంచి వద్దాం. 1696 నవంబరు 2న వుర్టెంబర్గ్ రాజ్యంలో అఫ్‌స్టెట్ అనే చిన్న పల్లెలో పుట్టాడు. తండ్రి పేరు కూడా కాన్రాడ్ వైజరే. సైన్యంలో కార్పొరల్‌గా చేసి వచ్చినవాడు. అప్పట్లో ఆ ప్రాంతం ఫ్రెంచి సైన్యాలు వచ్చి వచ్చి తొక్కేసిన నేల. దాని మీద 1709 చలికాలం. యూరపు అంతా ఇప్పటికీ చెప్పుకునే చలి అది. నదులు గడ్డకట్టాయి, ద్రాక్ష తోటలు మాడిపోయాయి. ఆ మే నెలలోనే తల్లి పోయింది. పెళ్ళయిన పెద్దకూతుర్ని అక్కడే వదిలి, మిగతా ఎనిమిదిమంది పిల్లల్ని వెంటబెట్టుకుని తండ్రి ఇల్లు విడిచాడు. ఎక్కడికి? ఇంగ్లండు రాణి అమెరికాలో భూములిస్తుందట అని ఒక పుకారు. ఆ పుకారు పట్టుకుని ఒక్క ఏడాదిలో పదమూడు వేలమంది జర్మన్లు లండన్ చేరారు. లండన్ శివార్లలో బ్లాక్‌హీత్ మైదానం మీద గుడారాల్లో పడుకోబెట్టారు. మనవాళ్ళు ఏజెంటు మాట నమ్మి గల్ఫుకి బయల్దేరి బొంబాయిలో ఇరుక్కుపోయిన కథలు వినలేదూ? అలాంటిదే.

ఇంతమందిని కూర్చోబెట్టి ఎన్నాళ్ళు తిండి పెడతారు? ఇంగ్లీషు నౌకాదళానికి ఓడలకు పూసే తారు కావాలి. తారు పైన్ చెట్ల నుంచి వస్తుంది. న్యూయార్కులో పైన్ చెట్లున్నాయి. సరే, వీళ్ళను అక్కడికి పంపుదాం, ఓడ చార్జీకి బదులు తారు తీసి బాకీ తీరుస్తారు. ఎంత బాగుంది లెక్క! సుమారు 2,800 మందిని ఓడలెక్కించారు. నాలుగు వందలమందికి పైగా దార్లోనే, దిగిన వెంటనే జ్వరాలతో పోయారు. 1710 జూన్‌లో న్యూయార్కు చేరారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి. దిగాక గవర్నరు హంటర్, అనాథ పిల్లల్నీ, పెంచలేని వాళ్ళ పిల్లల్నీ తలా ఒకరికి పనికి అప్పజెప్పేశాడు. వైజర్ తమ్ముళ్ళు ఇద్దర్ని లాంగ్ ఐలండ్‌కు అలాగే పంపేశారు. తండ్రి జబ్బుతో పడున్నాడు, సరే అన్నాడు. మరుసటేడు ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ పెళ్ళితోనే మా తోబుట్టువులం చెల్లాచెదురైపోయాం అని కాన్రాడ్ పెద్దయ్యాక తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఒకే ఓడలో వచ్చిన అన్నదమ్ములు ఊరికొకరు. పక్కింటాయన ఫైలులో ఆ తమ్ముళ్ళ గడులు ఖాళీగా ఉన్నాయి. నేను అడిగితే, "ఏమయ్యారో" అని భుజాలెగరేశాడు. అలా పంపిన పిల్లల్లో పీటర్ జెంగర్ అనేవాడు ఒక అచ్చాపీసులో పడ్డాడు. తర్వాత 1735లో పత్రికా స్వేచ్ఛ కేసులో అతని పేరు అమెరికా అంతా మోగింది. మిగతా పిల్లల పేర్లు ఎవరికి తెలుసు?

తారు రాలేదండీ. ఆ చెట్లు వేరు, ఆ పని వీళ్ళకు రాదు, లండన్‌లో ప్రభుత్వం మారి డబ్బు ఆపేసింది. 1712 సెప్టెంబరులో గవర్నరు చేతులెత్తేసి, మీ తిండి మీరు చూసుకోండి అన్నాడు. దానికి ముందు 1711లో ఏం జరిగిందో చెప్పాలి. కెనడాలో ఫ్రెంచివాళ్ళ మీదకు దండయాత్ర అన్నారు, ఈ జర్మన్లలో మూడొందల మంది దాకా తుపాకులిచ్చి తీసుకెళ్ళారు. తండ్రి వైజర్ ఒక దళానికి కెప్టెన్. యుద్ధం జరక్కుండానే వెనక్కి వచ్చారు. రాగానే తుపాకులు లాక్కున్నారు, జీతం ఇవ్వలేదని వీళ్ళ ఫిర్యాదు. కాబట్టి ఆ ఇంట్లో మిలీషియా అన్న మాట, అంటే పిలిస్తే ఊరి జనమే తుపాకి పట్టడం, కొడుకుతో మొదలవలేదు. పిలిచినప్పుడు తుపాకి, పని అయ్యాక ఉత్త చేతులు. అదెలా ఉంటుందో పద్నాలుగేళ్ళ పిల్లాడు ఇంట్లోనే చూశాడు.

కొడుకుని అడవికి పంపిన తండ్రి

తారు పోయాక వీళ్ళు స్కోహరీ లోయకు పోదామనుకున్నారు. అది మోహాక్ అనే అక్కడి ఆదివాసి జాతివాళ్ళ నేల. వాళ్ళతో బతకాలంటే వాళ్ళ భాష తెలియాలి. తండ్రి వైజర్ ఏం చేశాడో తెలుసా? 1712 చివర్లో క్వాయ్‌నంట్ అనే మోహాక్ పెద్ద వచ్చి, నీ కొడుకుని నాతో పంపు, భాష నేర్చుకుంటాడు అన్నాడు. పంపేశాడు! పదహారేళ్ళ పిల్లాడు. చలికాలం మొదట్లో. సరైన బట్ట లేదు.

ఎనిమిది నెలలున్నాడు అక్కడ. చలికి ఎంత అల్లాడాడో రాసుకున్నాడు. చలి తగ్గే వేళకు ఆకలి వచ్చి పడింది. మోహాక్‌లకే తిండి లేదు, పిల్లాడికేం పెడతారు? ఇంకో బాధ కూడా రాశాడు. వాళ్ళు తాగినప్పుడు ప్రాణభయంతో ఎక్కడో ఒకచోట దాక్కునేవాడట. మనింట్లో పిల్లాణ్ణి హాస్టల్లో వేస్తేనే వారానికి రెండుసార్లు పోయి చూసొస్తాం. ఇక్కడ ఫోను లేదు, ఉత్తరం లేదు. 1713 జులైలో ఇంటికి వచ్చేసరికి మోహాక్ భాష చాలావరకు వచ్చేసింది. అప్పట్నుంచి ఆ లోయలో జర్మన్లకూ మోహాక్‌లకూ మధ్య ఏ గొడవ వచ్చినా ఈ పిల్లాణ్ణే పిలిచేవారు. పైసా ఇచ్చేవాళ్ళు మాత్రం లేరు.

ఇక స్కోహరీ భూమి గొడవ. దున్నింది వీళ్ళు, పట్టా ఇంకొకరిది. ఇది మన దగ్గర ఎవరికీ వివరించనవసరం లేదు. తండ్రి వైజర్ రాజుగారికి మొర పెట్టుకోవడానికి 1718లో లండన్ బయల్దేరాడు. దార్లో సముద్రపు దొంగలు దోచారు. లండన్‌లో అప్పు కింద జైల్లో వేశారు. ఐదేళ్ళకు ఇల్లు చేరాడు, భూమి రాలేదు. విసిగిపోయిన జనంలో కొందరు 1723లో ససక్వెహానా నది వెంట తెప్పల మీద పెన్సిల్వేనియా దిగారు. మన కాన్రాడ్ 1729లో భార్య ఆనా ఈవ్‌నీ పిల్లల్నీ తీసుకుని అక్కడికే, టల్పెహాకెన్ వాగు ఒడ్డుకు చేరాడు. టల్పెహాకెన్ అంటే తాబేళ్ళ నేల అని అర్థం. పేరు అక్కడి డెలావేర్ జాతివాళ్ళది. పేరు మిగిలింది, నేల మిగల్లేదు. దీనికి మళ్ళీ వస్తాను.

మొత్తం పద్నాలుగు మంది పిల్లలు పుట్టారు. పొలం, దాని మీద దుబాసీ పని. ఇరొక్వాయ్ అని ఆరు జాతుల సమాఖ్య ఉండేది, మోహాక్‌లు అందులో ఒకరు. వాళ్ళ తరఫున పెన్సిల్వేనియాలో ఉన్న పెద్దమనిషి షికెలమీ. 1731 నుంచి ఈయనకీ ఆయనకీ జత కలిసింది. ప్రభుత్వం ఏం చెప్పాలన్నా వైజర్ని పిలిచేది. మాట దాటించడం అంటే పదానికి పదం పెట్టడం కాదండీ. వాళ్ళ సభలో ప్రతి మాటకీ గవ్వపూసల పట్టీ ఒకటి ఇవ్వాలి. పట్టీ ఇవ్వని మాట గాలికి పోయినట్టే. ఎప్పుడు మాట్లాడాలి, ఎప్పుడు ఊరుకోవాలి, చనిపోయినవాళ్ళకు ముందుగా సంతాపం ఎలా చెప్పాలి, ఇదంతా ఈయనకు తెలుసు. వాళ్ళు ఈయనకి తమ దేవుడి పేరే పెట్టుకున్నారు, తరాచియావాగన్ అని. ఆకాశాన్ని మోసేవాడని అర్థం.

ఒక్క ప్రయాణం చెప్తాను. 1737 ఫిబ్రవరి చివర్లో బయల్దేరి ఒనొండాగాకు, అంటే ఇరొక్వాయ్‌ల రాజధానికి, మంచులో నడిచారు. షికెలమీ కూడా ఉన్నాడు. తిండి అయిపోయింది. కొండ దారి, మోకాటి దాకా మంచు. ఒకచోట వైజర్ ఇక నావల్ల కాదని, ఇక్కడే పోతానని, దారి పక్కకు జరిగి ఒక చెట్టుకింద చతికిలబడ్డాడు. మిగతావాళ్ళు ముందుకెళ్ళిపోయారు. కాసేపటికి షికెలమీ వెనక్కి వచ్చాడు. కొంతసేపు ఏమీ అనలేదట. ఊరికే నిలబడి చూశాడు. తర్వాత ఏమన్నాడంటే, మంచి రోజులకంటే చెడ్డ రోజులే మనకు మేలు, మంచి రోజుల్లో తప్పులు చేస్తాం, చెడ్డ రోజులు వాటిని కడిగేస్తాయి, లే, అన్నాడు. వైజర్‌కు సిగ్గేసి లేచి నడిచాడు. ఇది వైజరే రాసుకున్న సంగతి. తనని తాను హీరోగా రాసుకునేవాడైతే ఇది దాచేవాడే కదా? అందుకే నాకు ఈయన రాతల మీద నమ్మకం.

ఈ మధ్యలో ఇంకో పిచ్చి కూడా ఉంది. 1735లో ఎఫ్రాటా అనే ఊళ్ళో ఒక మఠం లాంటిది పెట్టుకున్న గురువు వెంట పడ్డాడు. గడ్డం పెంచాడు, ఉపవాసాలతో చిక్కి శల్యమయ్యాడు. తమ పాత మతం పుస్తకాలు కుప్పపోసి తగలబెట్టినవాళ్ళలో ఈయనా ఉన్నాడు. కొన్నేళ్ళకు అదీ వదిలేశాడు. 1745లో తన కూతుర్ని ఎవరికిచ్చాడో చూడండి, హెన్రీ మూలెన్‌బర్గ్ అనే లూథరన్ పాస్టరుకి! ఏ ప్రశ్నోత్తరాల పుస్తకాన్ని కాల్చాడో, అదే పుస్తకం చెప్పే అల్లుడు.

ఈ అల్లుడి పేరు గుర్తుపెట్టుకోండి, మన గుంటూరుకు సంబంధం ఉంది. మూలెన్‌బర్గ్ 1748లో పెన్సిల్వేనియాలో లూథరన్ సభ ఒకటి స్థాపించాడు. సరిగ్గా ఆ సభే 1841లో ఒక జర్మన్ వలస పాస్టరుని సముద్రం మీద పంపింది. 1842 జులై 31న ఆయన గుంటూరులో దిగాడు. ఎవరు? అవునండీ, ఫాదర్ హయ్యరే. కుగ్లర్ ఆసుపత్రి, ఏసీ కాలేజీ, ఇవన్నీ ఆ చెట్టుకు కాసినవే. నేను చదివింది ఆ కాలేజీలోనే. ఇది చెప్పేసరికి పక్కింటాయన కుర్చీలోంచి లేచాడు. ఆయన ఫైలులో గుంటూరు అన్న మాట ఆ రోజు ఎక్కింది, నేనే స్పెల్లింగ్ చెప్పాను.

మాట పోయి తుపాకి

సరే, తుపాకి దగ్గరికి వద్దాం. టైమెంత? పర్లేదు, ఇంకో పది నిమిషాలు.

1742లో ఫిలడెల్ఫియాలో పెద్ద సభ. డెలావేర్లు మా నేల మోసంతో లాక్కున్నారని గోల పెడుతున్నారు. నిజమే, అంతకు ఐదేళ్ళ ముందు ఒకటిన్నర రోజులో మనిషి నడిచినంత మేర మీకు అని ఒప్పందం చూపించి, నడిచే మనుషులకు ముందే దారి చదును చేయించి, పరుగులాంటి నడకతో అరవై మైళ్ళు దాటించి కొట్టేశారు. ప్రభుత్వం ఏం చేసింది? ఇరొక్వాయ్ పెద్ద కనసటీగోను పిలిచి డెలావేర్లను తిట్టించింది. మీకు భూమి అమ్మే హక్కే లేదు, లేచి పొండి అని. ఆ తిట్లను ఇంగ్లీషులోకి మార్చింది ఎవరు? వైజర్.

తర్వాత 1754, ఆల్బనీ. ససక్వెహానాకు పడమట పెద్ద నేల కొనడానికి పెన్సిల్వేనియా యజమానులైన పెన్ కుటుంబం తరఫున మాట్లాడింది కూడా ఆయనే. అమ్మింది ఇరొక్వాయ్‌లు. అక్కడ బతుకుతున్నది డెలావేర్లు, షానీలు. వాళ్ళను అడిగినవాళ్ళు లేరు. ఇక్కడ ఆగి ఆలోచించండి. దుబాసీ ఎవరి మనిషి? జీతమిచ్చేవాడి మనిషా, మాట దాటించేవాళ్ళ మనిషా? ఇరొక్వాయ్‌లకు ఆయన నిజంగా స్నేహితుడే, నాకు అనుమానం లేదు. కానీ ఆ సభలో పట్టీ అందని మూడోవాడు ఒకడున్నాడు. వాడి భాష ఈయనకు పెద్దగా రాదు కూడా.

మూడోవాడు 1755లో ఫ్రెంచివాళ్ళతో కలిశాడు. జులైలో ఇంగ్లీషు జనరల్ బ్రాడక్ ఓడిపోయి చచ్చాడు. అక్టోబరు 16న పెన్స్ క్రీక్ అనే చోట జర్మన్ల, స్విస్‌వాళ్ళ ఇళ్ళ మీద పడి చంపారు, పిల్లల్ని ఎత్తుకుపోయారు. ఆ ఊరు ఎక్కడుంది? ముందటేడు ఆల్బనీలో కొన్న నేల మీదే! అదే ఇంగ్లీషు, ఫ్రెంచి యుద్ధం మూడేళ్ళ తర్వాత మన చందుర్తి పొలాల్లో కూడా జరిగింది, 1758 డిసెంబరులో. ప్రపంచం అంతా ఒకటే తగాదా.

పెన్సిల్వేనియాలో ఇంకో చిక్కు. అక్కడి శాసనసభలో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు, అహింసావాదులు. మిగతా కాలనీల్లో మామూలుగా వయసొచ్చిన తెల్ల మగవాడైతే చాలు, మిలీషియాలో పేరుండేది. ఇక్కడ ఆ చట్టమే లేదు. అందుకే వార్త వచ్చిన రాత్రి ఏం జరిగిందంటే, వైజర్ పొలాల మీదుగా కబురు పంపాడు, తుపాకి ఉన్నవాడు తుపాకి, లేనివాడు కత్తి, గొడ్డలి, అదీ లేకపోతే గడ్డి ఎత్తే పంగల కర్ర తెచ్చుకోండి, మూడు రోజుల తిండి మూట కట్టుకోండి అని. రాత్రికి రెండొందల మంది, తెల్లారేసరికి మూడొందలు. పాస్టరు వచ్చి ప్రార్థన చేశాడు. దళాలుగా విడదీసి, కెప్టెన్లను వాళ్ళనే ఎన్నుకోమన్నాడు. ఒకసారి కళ్ళకు కట్టుకోండి. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, మంచులో చతికిలబడ్డ ఆ కాళ్ళతోనే గుర్రం మీద, వెనక పంగల కర్రల సైన్యం. శత్రువు కనబడలేదు, తిరిగి వచ్చేశారు. ఇదీ మిలీషియా అంటే. పటాల్లో ఉన్నట్టు ఎర్రకోట్లు, బ్యాండు మేళం ఏమీ లేవు.

నవంబరులో ఇంకా దారుణం. స్నేహంగా ఉన్న ఇండియన్లను, అంటే అక్కడి ఆదివాసులను, వెంటబెట్టుకుని వచ్చాడని, ఊరి జనమే ఈయన మీదకు వచ్చారు. ఒక్కో ఇండియన్ నెత్తి చర్మానికి డబ్బు ఇస్తామని రాసివ్వు అని కేకలు. నేలను అమ్మేశారు, మనకు ద్రోహం చేశారు అని అరుపులు. నన్ను కాల్చేసేవాళ్ళే అని గవర్నరుకు ఉత్తరం రాశాడు. తన భాష మాట్లాడేవాళ్ళే!

ఆ నెల్లోనే బెంజమిన్ ఫ్రాంక్లిన్ మిలీషియా చట్టం తెచ్చాడు, ఇష్టమైనవాళ్ళే చేరే పద్ధతి. దానికితోడు జీతమిచ్చే ప్రాంతీయ దళాలు లేచాయి. 1756లో మొదటి బెటాలియన్‌కు వైజర్ లెఫ్టినెంట్ కల్నల్. కొడుకు శామ్యూల్ కూడా అందులోనే. బ్లూ మౌంటెన్ అనే కొండ వరస వెంట, ససక్వెహానా నుంచి డెలావేర్ నది దాకా కోటలు. కోట అంటే గోల్కొండ అనుకోకండి. దుంగలు నిలువునా పాతిన కంచె, లోపల రెండు గుడిసెలు. ఒక కోటకూ ఇంకోదానికీ మధ్య మనుషులు గస్తీ తిరగాలి. కోత కోసే రైతు పక్కన కాపలా నిలబడాలి. దుబాసీ పనీ ఆపలేదు. 1758లో ఈస్టన్ సంధి దగ్గర మళ్ళీ మాటల మధ్యే నిలబడ్డాడు, ఆల్బనీలో కొన్న నేలలో పడమటి భాగం అక్కడ తిరిగి ఇచ్చేశారు. ఇది మాత్రం చెప్పుకోవాలి.

1760 జులై 13న పోయాడు. మనవల్లో ఒకడు పీటర్, అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో జనరల్. ఇంకొకడు ఫ్రెడరిక్, 1789లో అమెరికా ప్రతినిధుల సభకు మొట్టమొదటి స్పీకరు.

వొమెల్స్‌డార్ఫ్ ఊరి పక్కన ఆయన పొలమూ, రాతి ఇల్లూ, సమాధీ ఉన్నాయి. పక్కింటాయన కారులో తీసుకెళ్ళాడు. చిన్న గుట్ట మీద సమాధి, చుట్టూ పెద్ద చెట్లు. ఆయన టోపీ తీసి నిలబడి, "కల్నల్" అన్నాడు. నేను, "మీ తాత ఎక్కువ కాలం చేసింది దుబాసీ పనండీ" అన్నాను. ఆ మాట ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక తెలుగు మాటే వాడాను. ఆయన రెండుసార్లు పలికి చూశాడు. తర్వాత వారం ఫైలు తెచ్చాడు, 'లెఫ్టినెంట్ కల్నల్' కింద పెన్సిలుతో రాసుకున్నాడు, దుబాషి అని. సిరాతో రాయలేదు, అది ఆయనిష్టం.

వైజర్ పోయిన మరుసటేడు ఈస్టన్ సభలో సెనెకా జార్జ్ అనే ఇండియన్ పెద్ద ఒకాయన లేచి గవర్నరుతో ఏమన్నాడో చెప్పి ముగిస్తాను. కాన్రాడ్ వైజర్ పోయాక మీరూ చీకట్లో కూర్చున్నారు, మేమూ చీకట్లో కూర్చున్నాం, ఒకరి మాట ఒకరికి సరిగా అర్థం కావడం లేదు అన్నాడు. ఆ మాటను ఆ రోజు ఇంగ్లీషులోకి ఇంకెవరో దుబాసీ మార్చే ఉంటాడు.

టీ వచ్చినట్టుంది. అడగాల్సినవి ఉంటే తాగుతూ అడగండి.